చురుక్కుమంటే చెప్పండి మామా

2 ఫిబ్రవరి, ఆదివారం

ఈ నోటుబుక్కులో తెలుగులోనే రాయాలని నిర్ణయించాను. మా ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే, చదవగలిగేది నేనొక్కణ్ణే. హోసూరు దగ్గర అమ్మమ్మ ఊళ్లో ఐదో తరగతి దాకా చదివిన పుణ్యం. ధర్మపురిలో నా చింతపండు మండీలో గానీ ఇంట్లో గానీ ఇది ఎవరి కంటబడినా వాళ్లకు వంకర గీతలే. ఇనప్పెట్టె కంటే భద్రం.

రేపటినుంచి సేలం. ఐదున్నర వారాలు, శని ఆదివారాలు తప్ప రోజూ రేడియేషన్. మా వైపు జనం కరెంటు పెట్టడం అంటారు. ఆ రోజుల్లో పొద్దునా సాయంత్రమూ మాత్రలు. సోమ, గురువారాల్లో కరెంటు అయ్యాక వేడి. గంటసేపు నడుము చుట్టూ నీళ్లసంచీ కట్టి, మిషనుతో లోపలి గడ్డను నలభై రెండు డిగ్రీల దాకా కాస్తారట. కాగిన గడ్డ మీద కరెంటూ మందూ రెట్టింపు పట్టుగా పనిచేస్తాయని డాక్టర్ కదిరవన్ చెప్పారు. అన్నీ అయ్యాక ఆపరేషన్.

గడ్డ ఎక్కడుందో ఇందులో కూడా రాయబుద్ధి కావడం లేదు. ఊరికి మూలవ్యాధి అని చెప్పాను. అది కూడా చెప్పుకోదగ్గ జబ్బేమీ కాదు కానీ సగం ఊరికి ఉంది.

డాక్టరు దాచకుండా చెప్పారు. గడ్డ బాగా కుంచించుకుపోతే బయటికి పోయే దారి మిగులుస్తారు. లేకపోతే అంతా తీసేసి పొట్టకు సంచీ. బతికినన్నాళ్లూ అందులోనే. యాభై ఎనిమిదేళ్లు నలుగురిలో కాలుమీద కాలేసుకుని కూర్చున్నవాణ్ణి. ఏ నొప్పి అయినా పడతాను, ఆ సంచీ మాత్రం వద్దు.

3 ఫిబ్రవరి, సోమవారం

మొదటి వేడి అయింది. లోపల వేడి ఎంతో చూడడానికి సన్నని తీగ పెట్టారు. ఆ పని చేసింది మగ నర్సు. అంతవరకు దేవుడి దయ.

మిషను దగ్గర కూర్చునేది ఒక అమ్మాయి. టోపీ, మాస్కు, కళ్లు మాత్రమే కనిపిస్తాయి. తీగ ఒక్కచోటి వేడే చెబుతుందనీ, మిగతా చోట్ల ఎక్కడ కాలుతోందో పేషెంటే చెప్పాలనీ, చెప్పగానే తగ్గిస్తాననీ తమిళంలో వివరించింది. కాసేపటికి ఎడమ పిర్ర కింద చురుక్కుమంది. ఫలానా చోట అని తమిళంలో ఠక్కున చెప్పేశాను. ఆమె ఏదో తిప్పింది, తడిగుడ్డ సర్దింది, పోయింది. తమిళంలో అవన్నీ మండీలో మాట్లాడే మాటల్లాంటివే, నోరు కాలదు. అదే ఇంటి మాటలో పెళ్లాం దగ్గర కూడా ఆ చోటి పేరు ముప్పై ఏళ్లుగా ఎత్తలేదు.

6 ఫిబ్రవరి, గురువారం

మిషను మొదలుపెట్టే ముందు మా ఆవిడ పూంగావనం ఫోను చేసింది. అన్నం తిన్నావా అంటే తిన్నాను అన్నాను. అంతే.

ఆ అమ్మాయి కళ్లు పెద్దవయ్యాయి. "మన మాట మాటాడతాండారే! నేనూ మనవాళ్లమ్మాయినే మామా. మాది మొరప్పూరు. సౌభాగ్యం కూతుర్ని, కీర్తికను. ఇప్పుడు కడత్తూరు కోడల్ని" అంది.

తరువాత గంటసేపూ ఐదు నిమిషాలకొకసారి ఇంటి మాటలోనే అడిగింది. "చురుక్కుమంటే చెప్పండి మామా." బాగానే ఉంది అన్నాను. ఎనిమిదోసారీ బాగానే ఉంది అన్నాను. కొంచెం కాలింది. ఓర్చుకోలేనంత కాదు.

7 ఫిబ్రవరి

ఆ పిల్ల నన్ను గుర్తుపట్టలేదు. నా పేరున్న గోవిందరాజులు వందమంది ఉంటారు.

9 ఫిబ్రవరి, ఆదివారం

రాసి వదిలించుకుంటే మంచిది. మూడేళ్ల కిందట మా అబ్బాయి వసంతకుమార్‌కు ఈ కీర్తికను అనుకున్నాం. అబ్బాయికి నచ్చింది. నాకూ వంక కనిపించలేదు. మాటలన్నీ అయ్యాక మా వాళ్ల పద్ధతి ప్రకారం కులదేవత గుడిలో పువ్వు అడిగాం. తెల్ల గన్నేరు ఒక ఆకులో, ఎర్ర గన్నేరు ఒక ఆకులో పొట్లాలు కట్టి, కలిపి, అమ్మవారి ముందు పెడతారు. పెద్దవాళ్లు ఒకటి తీస్తారు. తెలుపైతే అమ్మవారు ఒప్పుకున్నట్టు. ఎరుపైతే వద్దన్నట్టు.

మా మేనత్త ముత్తమ్మాళ్ తీసింది. ఎరుపు వచ్చింది. దేవుడి మాట మీద మనిషి ఏం చేయగలడు? అంతటితో ఆగిపోయింది. అందులో నా తప్పేమీ లేదు.

13 ఫిబ్రవరి, గురువారం

ఇవాళ నిజంగా కాలింది. ఎడమ తొడ మొదట్లో, చెప్పకూడని చోట. మొదటి పావుగంటకే మొదలైంది.

"బాగుండాదా మామా?"

"బాగుందమ్మా."

ఏమని చెప్పను? ఎక్కడని చెప్పను? ఆ పిల్ల నన్ను పిలిచే పిలుపు ఏది? మామా. నా ఇంటికి కోడలై వచ్చినా అదే పిలిచేది. కోడలు కావలసిన పిల్లతో ఆ చోటు పేరు ఎత్తి, ఇక్కడ కాలుతోంది చూడమ్మా అనాలా? తమిళంలో చెబుదామని నోరు తెరిచాను. ఇంటి మాటలో పలకరించిన పిల్లకు తమిళంలో జవాబిస్తే నన్ను అంటుకోవద్దు అన్నట్టుంటుంది. పళ్లు బిగించి పైకప్పులోని రంధ్రాలు లెక్కపెట్టాను.

ఎంత ఎక్కువ కాలితే గడ్డ అంత తొందరగా మాడుతుందిలే అనుకున్నాను. చింతపండు వ్యాపారంలో కూడా నేను ఇంత తెలివితక్కువ లెక్క వేయలేదు.

14 ఫిబ్రవరి

బొబ్బ లేచింది. కలబంద రాశాను. పూంగావనానికి చెప్పలేదు.

17 ఫిబ్రవరి, సోమవారం

మళ్లీ బాగుందనే అన్నాను. మీద కట్టిన సంచీలో నీళ్లు కదిలినప్పుడల్లా ప్రాణం పోయి వచ్చింది. కీర్తిక ఒకసారి నా ముఖం చూసి మిషను తగ్గించింది. "ఏం మామా, చెమటలు పడతాండాయి?" అంది. ఉక్క అన్నాను.

18 ఫిబ్రవరి, మంగళవారం

కరెంటు గదిలో బయటపడింది. బొబ్బ చితికి పుండై ఉంది, జ్వరం కూడా. డాక్టర్ కదిరవన్ వచ్చి చూశారు. రెండు వారాలైనా వేడి ఆపాలన్నారు. నాలుగు విడతలు పోయినట్టే.

కీర్తికను పిలిపించారు. నా ముందే అడిగారు. ఇంత కాలేదాకా నువ్వు అడగలేదా? అడిగాను సార్, ప్రతి ఐదు నిమిషాలకూ అడిగి రాశాను, బాగుందనే అన్నారు అని ఆమె చెప్పింది. డాక్టరు నావైపు తిరిగారు. ఆమె అడిగిందా?

గుర్తులేదు అన్నాను.

అదీ నేను అన్న మాట. తేలు కుట్టిన దొంగ నోరు మూసుకుంటాడంటారు. నేను మూసుకున్నా బాగుండేది. ఆమె నన్నొకసారి చూసి, తల వంచుకుని, సరే సార్ అని వెళ్లిపోయింది.

19 ఫిబ్రవరి

మిషను గదిలో వేరే మనిషి ఉన్నాడు. కీర్తిక ఎక్కడ అని అడగలేదు.

20 ఫిబ్రవరి, గురువారం

కరెంటు మాత్రమే. వరండాలో ఇద్దరు నర్సులు మాట్లాడుకుంటుంటే విన్నాను. విచారణ తేలేదాకా ఆమెను కాగితాల పనికి మార్చారట. బస్సులో తొప్పూరు కనుమ దాటేదాకా కళ్లు మూసుకునే ఉన్నాను. పక్క సీటాయన నిద్రపోతున్నాననుకున్నాడు.

23 ఫిబ్రవరి, ఆదివారం

పూంగావనం పుండు చూసేసింది. పంచె తడికి అంటుకుపోతే నీళ్లు పోసి తనే విడదీసింది. సిగ్గుతో గోడవైపు తిరిగాను.

"మూలమని ఊరంతా చాటుకుంటివి. మూలానికి ఎవురన్నా వారంలో ఐదు దినాలు సేలం పోతారా? పక్కింటి పిల్లోళ్లు కూడా నగతాండారు. కాలేటప్పుడు చెప్పేదానికేమి, నోట్లో కొళుక్కట్ట కుడుము పెట్టుకోనుంటివా?"

"ఆడపిల్ల ముందర ఏం చెప్పేది?"

"నేనేమి మగపిల్లోణ్ణా? ఇప్పుడు నా ముందర పండుకోలేదా?" అంది. నవ్వలేదు. తడిసిన పంచె తీసుకుని లేచింది.

ఆమె లోపలికి వెళ్లాక ఈ నోటుబుక్కు తీసి తొమ్మిదో తేదీ పేజీ చదివాను. ఎరుపు వచ్చింది అని రాసి ఉంది. నా అక్షరమే. ఎవరూ చదవలేని చోట, నాకోసం నేను రాసుకున్న చోట కూడా అబద్ధం రాశాను.

తెలుపు వచ్చింది.

ముత్తమ్మాళ్ అత్తకు కళ్లలో పొర. పొట్లం తీసి నా చేతికిచ్చింది. పక్కకు తిరిగి విప్పాను. తెల్ల గన్నేరు, కాడ పచ్చిగా. గుప్పిట మూసి ఎరుపు అన్నాను. చూపించమని ఎవరూ అడగలేదు. అమ్మవారి ముందు నిలబడి పెళ్లికొడుకు తండ్రి చెబితే ఎవరు అడుగుతారు? పువ్వును జేబులో వేసుకున్నాను. సౌభాగ్యం కళ్లు తుడుచుకుంది. వసంత్ గుడి మెట్లు దిగి బండి దగ్గరికి వెళ్లిపోయాడు.

ఎందుకు చేశానో కూడా రాస్తాను. అంతకు రెండు రోజుల ముందు మధ్యవర్తి రంగస్వామి నా చెవిలో వేశాడు. సౌభాగ్యానికి క్యాన్సరు వచ్చి ఒక రొమ్ము తీసేశారట, ఎవరికీ చెప్పలేదట. ఆ జబ్బు నా ఇంటి గడప తొక్కకూడదు అనుకున్నాను. సూటిగా చెబితే నలుగురూ నన్ను తిడతారు. అందుకని తిట్టు అమ్మవారి మీదికి తోశాను.

ఆ జబ్బు వచ్చింది. ఎవరి కూతురి వెంటా రాలేదు. నా దగ్గరికి తనంతట తానే వచ్చింది, అది కూడా నేను పేరు ఎత్తలేని చోటికి.

వసంత్ తరువాత ఏ సంబంధమూ ఒప్పుకోలేదు. "దేవుడే వద్దన్న దానికే మనసు పోయింది నాయినా. మళ్లా పోయి ఏమని అడిగేది?" అంటాడు. ఆ మాట అన్నప్పుడల్లా నేను మండీకి బయలుదేరేవాణ్ణి.

26 ఫిబ్రవరి

ఇవాళ చెప్పాలనుకున్నాను. డాక్టరు తొందరలో ఉన్నారు. నిజానికి అంత తొందరలో లేరు.

3 మార్చి, సోమవారం

చెప్పాను. కరెంటు అయ్యాక డాక్టరు గది బయట గంటన్నర నిలబడ్డాను. కూర్చుంటే లేచి వెళ్లిపోతానేమోనని భయం. లోపలికి వెళ్లి, ఆ అమ్మాయి అడిగింది, ప్రతి ఐదు నిమిషాలకూ అడిగింది, నేనే బాగుందన్నాను, గుర్తులేదన్నది అబద్ధం అని ఒక్క ఊపిరిలో తమిళంలో అనేశాను.

డాక్టర్ కదిరవన్ కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు. ఎందుకు అని అడిగారు. సిగ్గు సార్ అన్నాను. మీ సిగ్గువల్ల మీ ఒంటికి జరిగింది సరే, ఆ పిల్ల ఉద్యోగం ఏం పాపం చేసింది అన్నారు. కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టాను.

పుండు ఎండిందట. గురువారం మళ్లీ వేడి.

6 మార్చి, గురువారం

కీర్తికే వచ్చింది. టోపీ, మాస్కు, అవే కళ్లు. నీళ్లసంచీ కడుతూ, ఇంతకుముందులాగే "అన్నం తిన్నారా మామా?" అంది.

మిషను మొదలుపెట్టకముందే చెప్పెయ్యాలి, తరువాత చురుక్కు సాకుతో తప్పించుకుంటాను అనుకున్నాను.

"అమ్మా, నేనెవురో నీకు తెలుసునా?"

"తెలుసును మామా. మొదటి దినమే ఫైల్లో పేరు చూసినాను. మీ ఫోను విన్నంక తెలియనట్టు పలకరిస్తిని."

"మరి మామా అని ఎందుకు పిలిచినావు?"

"ఇంటి మాటలో అయితే నొప్పి చెప్పేదానికి సుళువుగా ఉంటాదనుకొంటిని. మీకు అదే అడ్డమైపోయింది." పైపు బిగిస్తూనే ఉంది. నన్ను చూడడం లేదు.

"ఆ దినము పువ్వు..." అన్నాను.

"తెల్లది. తెలుసును."

ఎట్లా తెలుసునని అడగబోయాను. ఆమే చెప్పింది. "మీరందరూ బండెక్కి పోయినంక మా అమ్మ రెండో పొట్లము విప్పింది మామా. దాంట్లో ఎర్రది ఉండె."

రెండో పొట్లం. ముప్పై ఏళ్లు సరుకు చేత్తో పట్టి చూసి లోపలి పుచ్చు చెప్పినవాణ్ణి. అమ్మవారి పాదాల దగ్గర రెండో పొట్లం మిగిలి ఉందని మూడేళ్లలో ఒక్కసారి తట్టలేదు. తెల్లపువ్వు నా జేబులో భద్రంగా ఉందనుకున్నాను. నా అబద్ధం గుడిలోనే, ఆకులో చుట్టి, వాళ్ల చేతికిచ్చి వచ్చాను.

"అప్పుడే నన్ను నిలదీసి అడిగిండకూడదా?"

"నేను అడుగుతాననే అంటిని. అమ్మ వద్దనింది. మనసు లేని ఇంటికి దేవుడు తోసినా పోకూడదు అనింది." కొంచెం ఆగింది. "మీరు డాక్టరు దగ్గర గుర్తులేదు అన్నప్పుడు మాత్రము నాకు బాగా కోపమొచ్చింది మామా. పువ్వుకంటే దానికే ఎక్కువ ఏడిస్తిని. ఇంటికి పోయి మా ఆయన ముందర ఏడిస్తిని."

క్షమించమ్మా అన్నాను. ఆమె మిషను వైపు తిరిగింది. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"మిషను వేస్తాండాను. చురుక్కుమంటే చెప్పండి మామా."

పది నిమిషాలకు చురుక్కుమంది. ఎడమ తొడ మొదట్లో, పాత పుండు పక్కన. చోటు పేరు ఇంటి మాటలోనే చెప్పాను. నోరు ఊడిపోలేదు. ఆమె లేచి తడిగుడ్డ పెట్టి, కాగితం మీద ఏదో రాసుకుంది.

అమ్మ ఎట్లుంది అని చివర్లో అడిగాను. "ఈ పొద్దు రాగికి కోత. చేన్లో ఉండాది" అంది. చచ్చిపోయే మనిషి అని నేను లెక్కకట్టిన మనిషి.

12 మార్చి, బుధవారం

ఆఖరి కరెంటు. సోమవారంతో వేడి కూడా అయిపోయింది. పదకొండు అనుకున్న వేడిలో నాకు అందినవి ఏడు. అందులో నిజం చెప్పి చేయించుకున్నవి మూడు.

29 ఏప్రిల్, మంగళవారం

స్కాను చూశారు. గడ్డ సగానికి పైగా కరిగింది. కానీ కింద కండరానికి అంటిన కొస అలాగే ఉంది. దారి మిగలదు. సంచీ తప్పదు.

ఆ నాలుగు వేడి విడతలు పోకపోయి ఉంటే అని అడిగాను. చెప్పలేం, అవి అందినా ఇలాగే ఉండొచ్చు అన్నారు డాక్టర్ కదిరవన్. మంచి మనిషి. నాకు మాత్రం చేసుకున్నవాడికి చేసుకున్నంత అనే అనిపించింది.

పూంగావనం ఏడుస్తుందనుకున్నాను. "మనిషి ఉంటే చాలు. సంచీ నేను కడుగుతాను, నువ్వు మూతి ముడుచుకోకుండా ఉండు" అంది.

14 మే

రేపు ఆపరేషన్. నోటుబుక్కు సంచీలో పెట్టుకున్నాను. సంచీ అనే మాట రాస్తే నవ్వొచ్చింది.

28 మే, బుధవారం

ఇంటికి వచ్చి మూడు రోజులు. సంచీ మార్చడం ఆసుపత్రిలో వసంత్ నేర్చుకున్నాడు. వాళ్లమ్మ చేస్తానంటే, అంచు సరిగా అంటకపోతే కారుతుంది నాకు వదిలెయ్యి అన్నాడు. అడ్డాలనాడు నేను వాడి గుడ్డ ఒక్కటి మార్చి ఎరగను.

ఇవాళ వాడు వంగి అంచు ఒత్తుతుంటే చెప్పాను. పువ్వు తెల్లదిరా అన్నాను. మొదలుపెట్టాక ఆగలేదు. రంగస్వామి చెవిలో వేసింది, సౌభాగ్యం జబ్బు, రెండో పొట్లం, సేలంలో కీర్తిక, గుర్తులేదన్న మాట, అన్నీ.

వాడి వేళ్లు నా పొట్టమీద ఆగిపోయాయి. తరువాత మిగతా అంచు కూడా ఒత్తి, చేతులు కడుక్కుని, బండి తాళం తీసుకుని వెళ్లాడు.

29 మే

వసంత్ ఇంటికి రాలేదు. ఏమన్నావయ్యా వాణ్ణి అని పూంగావనం నాలుగుసార్లు అడిగింది. ఆమెకూ చెప్పాను. అప్పటినుంచి ఆమె నాతో మాట్లాడలేదు. పళ్లెం తెచ్చి పెట్టి వెళ్లింది.

30 మే

రాలేదు. సంచీ అంచు లేచింది. నేనే ఒత్తుకోబోతే చెయ్యి సరిగా పోలేదు. చర్మం ఎర్రగా ఒరిసిపోయింది. పూంగావనాన్ని పిలవడానికి ముఖం చెల్లలేదు.

31 మే, శనివారం

పొద్దున తొమ్మిదింటికి వచ్చాడు. రెండు రోజుల గడ్డం. స్నేహితుడి ఇంట్లో ఉన్నాడట, కీర్తిక వాళ్ల మొరప్పూరు దాకా పోయి స్టేషన్లో కూర్చుని తిరిగి వచ్చాడట. వాళ్లమ్మతో చెబుతుంటే విన్నాను.

నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "మూడేండ్లు నాయినా" అన్నాడు. "నేను ఏమి తప్పు చేస్తినో, అమ్మవారికి నామీద ఏమి కోపమో అని మూడేండ్లు ఆ గుడి తట్టు పోలేదు నేను."

తప్పు నాదిరా అని మాత్రం అన్నాను.

వాడు బేసిను తెచ్చాడు, గోరువెచ్చటి నీళ్లు తెచ్చాడు. పాత సంచీ మెల్లగా ఊడదీసి చర్మం చూసి మొహం చిట్లించాడు. తడిగుడ్డతో చుట్టూ అద్దాడు. కోపం పోలేదు, వాడి దవడ చూస్తే తెలుస్తోంది. చెయ్యి మాత్రం మెత్తగానే ఉంది.

"మండతాండాదా నాయినా?" అన్నాడు, నా ముఖం చూడకుండా.

బాగానే ఉంది అనబోయాను. అలవాటు.

"మండతాండాదిరా. ఎడమ పక్క, కింద" అన్నాను.

వాడు గుడ్డ మళ్లీ తడిపి అక్కడ పెట్టాడు.